అచ్చుకెక్కని పరుగు

మొన్న పొద్దున వంటింట్లో చారుకు పోపు పెడుతుంటే ముందుగదిలో టీవీ తన మానాన తాను మాట్లాడుకుంటోంది. ఎక్కడో పెద్ద పోటీల్లో మన దేశపు పరుగుల అమ్మాయి పతకం గెలిచిందట. యాంకరమ్మ గొంతులో బెల్లప్పాకం పోసుకుని అడిగింది: "అంత చిన్న పాపను ఇంట్లో వదిలేసి పరుగెత్తడానికి మీకు మనసెలా ఒప్పిందండీ?" మూకుడులో ఆవాలు చిటపటలాడి, మాడి, ఇల్లంతా ఘాటు కమ్ముకుంది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ ప్రశ్న నాది. ఆ పాకం కూడా నాదే. ఉద్యమం రోజుల్లో, జనగామ కాలేజీ మైదానంలో, సక్కుబాయి అక్కను నేను అడిగిన మాటే అది. అడిగి ఊరుకున్నానా అంటే అదీ లేదు. నాలుగు కాలమ్‌ల వార్త రాశాను.

సక్కుబాయి అక్క మీకు తెలియదు. తెలియకపోవడానికి ఉన్న కారణాల్లో నేనూ ఒకదాన్ని. ఆమెది మానుకోట దగ్గర ఒక తండా. ఈ కాలం వాళ్లకోసం చెబుతున్నాను, మానుకోట అంటే మహబూబాబాదే. పెళ్లికి ముందే ఐదు వేల మీటర్ల పరుగులో జాతీయ పోటీల పతకాలు మూడు గెలిచింది. భర్త చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ కావడంతో కాపురం భూపాలపల్లిలో పెట్టింది. కూతురు అంజలి పుట్టాక ఏడాది తిరక్కుండానే మళ్లీ బూట్లు కట్టింది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీదే సాధన. ఇంటికొచ్చి మొహం కడుక్కుంటే నల్లటి నీళ్లు కారేవని నవ్వుతూ చెప్పేది. మనిషి పొట్టి. మాట ఇంకా పొట్టి. నవ్వు మాత్రం ధారాళం.

అప్పుడు జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. నేను జనగామలో ఒక పత్రికకు విలేకరిని. ఇరవై నాలుగేళ్ల వయసు, చేతిలో నోటుబుక్కు, నెత్తిమీద కొమ్ములు. ఆడపిల్ల రిపోర్టరై ఊళ్లో తిరుగుతోందని నలుగురూ అనుకుంటుంటే నాకదో గొప్ప. ఆటల వార్తలంటే మాత్రం చిన్నచూపు. ఫలితాలు ఎవరైనా రాస్తారు, మనసుల్ని తాకేట్టు రాయాలి అనుకునేదాన్ని. జిల్లా పేజీలు చూసే డెస్క్ ఇన్‌చార్జి కూడా ఫోన్ చేసినప్పుడల్లా అదే పాట పాడేవారు: "కన్నీళ్లు ఉండాలమ్మా, కన్నీళ్లు ఉంటేనే చదువుతారు."

ఆ ఆదివారం జనగామలో పోటీలు. మంగళవారం నుంచి ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె అని అప్పటికే ఊరంతా తెలుసు. మట్టి ట్రాక్ మీద సున్నంతో గీతలు గీశారు. ఆడవాళ్ల ఐదు వేల మీటర్లంటే పన్నెండున్నర రౌండ్లు. నేను మొదటి రెండు రౌండ్లు చూశాను. అంతే, విసుగొచ్చింది. షామియానా కింద అక్క తల్లి కూర్చుని ఉంటే అక్కడికి పోయాను. పెద్దావిడ పొద్దుటి ప్యాసింజరుకు మానుకోట నుంచి మనవరాలిని తీసుకుని వచ్చింది. సాధన రోజుల్లో అమ్మమ్మ దగ్గరే ఉండే రెండేళ్ల అంజలి ఆమె ఒడిలో నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. ఎన్ని నెలలు పాలిచ్చింది, పిల్ల ఏం తింటుంది, బెంగ పెట్టుకుంటుందా అని గుచ్చి గుచ్చి అడిగాను.

"యాడి లేకుంటే ఏడుస్తదా అవ్వా?" అన్నాను. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

"ఎందుకేడుస్తది బిడ్డా? యాడి ఉరుకుతున్నదంటే సప్పట్లు కొడుతది" అంది పెద్దావిడ.

ఆ జవాబు నేను రాసుకోలేదు. ఏడిస్తేనే కదా వార్త.

మైదానంలో ఈలలు వినబడి తల తిప్పేసరికి అక్క గీత దాటేసింది. రెండో ఆమె ఇంకా యాభై అడుగుల వెనక ఉంది. నేను టైం చూసేవాళ్ల బల్ల దగ్గరికి పరుగెత్తి, వాళ్లు చెప్పిన అంకెలు పెన్సిల్‌తో నోటుబుక్కులో రాసుకుని, అక్క చుట్టూ ఉన్న గుంపులో దూరి ఆ ప్రశ్న అడిగాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని ఊపిరి కూడదీసుకుంటూ, "మనసేంది చెల్లె? కాళ్లు ఉరుకుతయ్" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి, ఆ మాటనూ వదిలేశాను.

ఇంక ఫోటో. మా ఫోటోగ్రాఫర్ యాదగిరి అన్న మంచివాడే, కాని పేజీలో ఏది పడుతుందో ఆయనకు నాకన్నా బాగా తెలుసు. "మెడల పతకం, సంకల పాప. మస్తుంటది అక్కా, ఎత్తుకో" అన్నాడు. పిల్ల నిద్రలో ఉందని పెద్దావిడ అంది. "నిద్రల ఉంటే ఫోటో ఏమొస్తది అవ్వా? జర లేపుండ్రి" అన్నాడాయన. వాళ్లు తటపటాయిస్తుంటే పిల్ల బుగ్గ మీద తట్టి లేపింది నేను. మంచి నిద్రలోంచి లేచి ఇన్ని కొత్త మొహాలు చూసిన పిల్ల ఏం చేస్తుంది? ఆరున్నొక్క రాగం అందుకుంది. యాదగిరి అన్న కెమెరా టకటకలాడింది.

సోమవారం పేపర్లో నాలుగు కాలమ్‌ల మీద బిడ్డ ఏడుస్తోంది, తల్లి ఓదారుస్తోంది. పైన పెద్ద అక్షరాలతో "పాప పిలుస్తున్నా ఆగని పరుగు" అని శీర్షిక. కింద నా పేరు. అక్క అన్నట్టుగా ఒక మాట కూడా రాశాను: "నా చిట్టితల్లి కన్నీళ్లే నా కాళ్లకు బలాన్నిచ్చాయి." అక్క జన్మలో అలా మాట్లాడదు. మన మాటను సినిమాల్లో వెక్కిరిస్తున్నారని పొద్దున ధర్నాలో నినాదాలిచ్చి, సాయంత్రం మన మనిషి నోట్లో నేనే ఆ సినిమా మాట పెట్టాను. డెస్క్ ఇన్‌చార్జి ఫోన్ చేసి ఐటం అదిరిందన్నారు. మా అమ్మ ఆ కటింగు దాచిపెట్టింది. నేను వారం రోజులు నేలమీద నడవలేదు.

సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పూ. ఆ కార్యక్రమాల వార్తలు రాయడానికే రోజు చాలేది కాదు. అలాంటి ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు బైకు ఆగింది. భర్త వెనక కూర్చుని అక్క వచ్చింది. భూపాలపల్లి నుంచి జనగామకు వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో మూడు చోట్ల రాస్తారోకోలో ఆగి, జై కొట్టి, ఒకచోట అన్నం కూడా తిని వచ్చారట. ఇద్దరి జుట్టూ దుమ్ముతో ఎర్రగా ఉంది.

అక్క సంచిలోంచి ఆ కటింగు తీసి నా ముందు పరిచింది. "చెల్లె, జర జూడు. గిండ్ల నా టైం ఏడున్నది?"

నేను చూశాను. మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చూశాను. పిల్లకు ఇష్టమైన తిండి ఉంది, అమ్మమ్మ ఆప్యాయత ఉంది, ఆమె చీర రంగు కూడా ఉంది. టైం లేదు. ఐదు వేల మీటర్లనే మాట కూడా లేదు. 'పరుగు పందెం' అని ఉంది, అంతే.

అప్పుడు అక్క భర్త అసలు సంగతి చెప్పాడు. జనగామలో అక్క చేసిన టైం జాతీయ పోటీల ఎంట్రీకి సరిపోతుంది. ఎంట్రీ పంపడానికి నాలుగు రోజులే గడువుంది. ఫలితాల కాగితాలేమో క్రీడల ఆఫీసులో ఉన్నాయి, ఆఫీసుకు సమ్మె తాళం. చేతికిచ్చిన సర్టిఫికెట్టులో మొదటి స్థానం అని ఉంది కాని టైం రాయలేదు. ఎంట్రీలు పంపే పెద్దాయన ఫోన్లో, "పేపరు కటింగులో టైం ఉంటే తెండి, అది జతచేసి పంపుతా" అన్నాడట. ఆయన తన వంతు మంచే చేశాడు.

"నువ్వు రాసుకున్నవ్ గద? నేను జూసిన" అంది అక్క.

నోటుబుక్కు తెచ్చాను. పెన్సిల్ అంకెలు ఉన్నాయి. వాటిని చూసి ఆమె మొహమంతా నవ్వయింది. అక్కడే ఆ పెద్దాయనకు ఫోన్ చేశారు. చేతిరాత ఎవరైనా రాసుకోవచ్చు, అచ్చులో ఉండాలన్నాడు. అదీ న్యాయమే. నేను డెస్క్‌కు ఫోన్ చేశాను. సవరణ వేయమని బతిమాలాను.

"తప్పు రాస్తే సవరణ వేస్తాం. రాయనిదానికి సవరణ ఏముంటుందమ్మా?" అన్నారు ఇన్‌చార్జి. "అయినా పేజీల నిండా సమ్మే ఉంది. పదిహేను రోజుల కిందటి పందెం ఎవరికి కావాలి?"

ఫోన్ పెట్టేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అంతలో అక్క కటింగు మీదకు వంగింది. నా వార్త కింద వేలెడంత ఇంకో వార్త ఉంది. అదీ నేను రాసిందే. మగవాళ్ల పదివేల మీటర్లు గెలిచిన ఒక కానిస్టేబులు గురించి మూడు వాక్యాలు. పేరు, దూరం, టైం. ఆయనకూ ఇద్దరు పిల్లలున్నారు. వాళ్లు ఆ రోజు షామియానా పక్కనే ఐసు పుల్లలు చీకుతూ కనబడ్డారు. వాళ్లను వదిలి పరుగెత్తడానికి మీకు మనసెలా ఒప్పిందని నేనాయన్ని అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు.

"గాయన ఎంట్రీ పోయింది" అంది అక్క నెమ్మదిగా. "గిదే కటింగు పెట్టి పంపిండ్రు. మూడు లైన్లు సాలినయ్."

నేను ఏడ్చేశాను. అక్క నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. మా అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి అంది: "తాళమేసినోళ్ల మీద నాకు కోపం లేదు. గది మనందరి తాళం. బిడ్డ గురించి ఎందుకు రాసినవని గూడ అంటలేను, బిడ్డ నాదే గద. గని ఉరికింది బిడ్డ కాదు చెల్లె. నేను. గా ఎనిమిదో రౌండ్ల ఏమైందో నువ్వు ఒక్కసారన్న అడిగినవా?"

అడగలేదు. ఎనిమిదో రౌండు జరుగుతున్నప్పుడు నేను షామియానా కింద పాల సంగతి అడుగుతున్నాను.

ఆమె నా నోటుబుక్కులో ఖాళీ పేజీ తీసి కోడిగుడ్డు ఆకారంలో ట్రాక్ గీసింది. "ఎనిమిదో రౌండ్ల హైదరాబాద్ పిల్ల నన్ను దాటింది. పోనిచ్చిన. గేటు దిక్కు నుంచి ఎదురుగాలి కొడుతుండె. మూడు రౌండ్లు ఆ పిల్ల ఈపు ఎనుక దాక్కొని ఉరికిన. గాలి దెబ్బ ఆమె తిన్నది. పదకొండు అయినంక నేను బయటికొచ్చిన." చెబుతున్నంతసేపూ ఆమె వేలు ఆ గీత మీద పరుగెడుతూనే ఉంది. అంత బుర్ర, అంత ఓపిక నా కళ్లముందే జరిగితే నేను పిల్ల కన్నీళ్లు తుడుస్తూ కూర్చున్నాను. కాదు, పిల్లను ఏడిపించి మరీ తుడిచాను.

ఆ నాలుగు రోజులూ గడిచిపోయాయి. ఎంట్రీ పోలేదు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి అక్క అన్న మాట మాత్రం నా బతుకును మార్చింది: "సమ్మె అయినంక ఆదివారం రా. గడియారం పట్టుడు నేర్పుత."

పోయాను. చాలా ఆదివారాలు పోయాను. తొలి బస్సెక్కి భూపాలపల్లి చేరేసరికి అక్క రోడ్డు పక్కన కాళ్లు సాగదీస్తూ ఉండేది. సమ్మె రోజుల్లో లారీలు లేక ఆ రోడ్డంతా తనదే అయిందని, వంటావార్పు పొయ్యిల పక్కనుంచి ఉరుకుతుంటే ఆడవాళ్లు గంటెలు ఊపి జై కొట్టేవాళ్లని, అంత మంచి సాధన ఎన్నడూ కుదరలేదని మురిసిపోతూ చెప్పేది. నా చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చేది. మొదట్లో నేను నొక్కాల్సినప్పుడు నొక్కేదాన్ని కాదు, ఆమె కాళ్లు చూస్తూ ఉండిపోయేదాన్ని. "నన్ను సూడకు, గీత సూడు!" అని అరిచేది. అలసట ముందు భుజాల్లో కనబడుతుందని, కాళ్లలో తరువాత తెలుస్తుందని ఆమే చెప్పింది. ప్రసవం తరువాత నడుము ఒక పక్కకు ఒరుగుతుంటే అడుగు ఎట్ల మార్చుకుందో నడిచి చూపించింది. చూడండి, బిడ్డ పుట్టిన సంగతి ఆమె పరుగులోనే ఉంది. దాన్ని అక్కడ వెతకడం నాకు రాలేదు.

అంజలి వచ్చిన ఆదివారాల్లో గట్టు మీద కూర్చుని తల్లి కనబడగానే చప్పట్లు కొట్టేది. అవ్వ చెప్పింది నిజమే. పరుగయ్యాక ముగ్గురం రొట్టెలు, ఎర్ర కారం తినేవాళ్లం. ఆ కారానికి నా కళ్లలో నీళ్లు కారితే, "రాయి, గిది గూడ రాయి, కన్నీళ్లు" అని అక్క పడీ పడీ నవ్వేది. ఆ పొద్దులు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

తరువాతి ఏడు హనుమకొండ పోటీల్లో నేను పన్నెండున్నర రౌండ్లూ నిలబడి చూశాను. మొదటి వాక్యంలోనే పేరు, దూరం, టైం రాశాను. తరువాత ఏ రౌండులో ఏం జరిగిందో రాశాను. ఆమెకు కూతురుందన్న సంగతి చివరి వాక్యంలో పెట్టాను. డెస్క్ ఇన్‌చార్జి, "పాప ఏదమ్మా?" అన్నారు. ఉంది సార్, కింద ఉంది అన్నాను. చోటు చాలనప్పుడు వార్తను కిందినుంచే కోస్తారని నాకు తెలుసు. కోశారు. అక్క ఆ కటింగును మూడుసార్లు చదివి, మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

కాని ఆ రోజు ఆమెకు వచ్చింది మూడో స్థానం. టైం సరిపోలేదు. ఆ తరువాతి సంవత్సరం నడుము నొప్పి ముదిరింది. జనగామలో చేసినంత వేగంగా ఆమె మళ్లీ ఎప్పుడూ పరుగెత్తలేకపోయింది. సమ్మె ముగిశాక ఆఫీసు తాళం తీస్తే ఫలితాల కాగితాలు కట్టలో కనబడలేదు. ఎవర్ని అనాలి? రాష్ట్రం వచ్చింది, జిల్లాలు విడిపోయాయి. అక్క మహదేవపూర్ వైపు ఒక హాస్టల్ బడిలో ఆటలు నేర్పే పనికి కుదిరింది. నేను హైదరాబాద్‌లో ఒక పత్రికకు ఆటల పేజీ చూస్తున్నాను. ఎవరు ఏ వార్త తెచ్చినా ముందు టైమెంత, ఎంత దూరం, ఎక్కడ ముందుకొచ్చింది అని అడుగుతాను. మా కుర్ర విలేకరులు నా వెనక నన్ను 'గడియారం మేడం' అంటారని తెలుసు. అననీ.

పోయిన వేసవిలో అంజలి ఫోన్ చేసింది. ఇంటరు చదువుతోంది. ఏదో కాగితం వెతుకుతుంటే అమ్మ పెట్టెలో ఆ పాత కటింగు దొరికిందట. కాసేపు అటూ ఇటూ మాట్లాడి చివరకు అడిగింది.

"చిన్నమ్మా, నేను గంత ఏడుస్తుంటినా? నా వల్లనే అమ్మ ఉరుకుడు బంద్ చేసిందా?"

పద్నాలుగేళ్ల కిందట నేను రాసిన అబద్ధం ఆ పిల్ల గొంతులో నాకే వినబడింది. అక్కకు చేసిన నష్టం నాకు తెలుసు. ఈ పిల్లకు కూడా చేశానని అప్పటిదాకా తెలియదు.

"నువ్వు ఏడ్వలేదు బిడ్డా. నిద్రపోతున్నవ్. నేనే లేపిన, ఫోటో కోసం" అన్నాను. షామియానా దగ్గర నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. ఎదురుగాలి చెప్పాను, హైదరాబాద్ పిల్ల వెనక దాక్కున్న మూడు రౌండ్లు చెప్పాను.

"మరి గిదంత ఏడ రాసి ఉన్నది చిన్నమ్మా?" అంది.

ఎక్కడా లేదు. అందుకే ఇది రాశాను. ఆ రోజే రాయవలసిన మూడు వాక్యాలు ఇవిగో.

జనగామ కాలేజీ మైదానంలో ఆదివారం జరిగిన మహిళల ఐదు వేల మీటర్ల పరుగులో భూపాలపల్లికి చెందిన సక్కుబాయి మొదటి స్థానం సాధించింది. ఎనిమిదో రౌండులో వెనకబడి, పదకొండో రౌండు తరువాత ముందుకు వచ్చింది. ఆమె టైం పదిహేడు నిమిషాల పన్నెండు సెకన్లు.